బిహారోళ్ళ రక్తంల తంబాకు ఉంటదా? ఎవరు ఏం తాగుతరు, ఎందుకు తాగుతరు

మొన్న ఎండాకాలం ఒక సాయంత్రం హన్మకొండ చౌరస్తా దిక్కు, నేను రోజు చాయ్ తాగే హోటల్ పక్కన పాన్ డబ్బా ఉంటది, దాని కాడ ఒక లొల్లి అయింది. కొట్టుకునేంత కాదులెండి, మాటల లొల్లే. మా కాలనీల ఉండే ఒక పెద్దమనిషి, రిటైరై పెన్షన్ తీసుకునే మనిషి, చదువుకున్నోడే, అక్కడ నిలబడి అరచేతిల సున్నం ఏసి ఖైనీ నలుపుతున్న నలుగురు పోరగాళ్ళను చూసి "ఈ బిహారోళ్ళ రక్తంలనే ఉంటది తంబాకు" అన్నడు. పక్కాయన ఊకుంటడా, "మరి తండాలల్ల చూడున్రి, ముసలవ్వలు గూడ తాగుతరు, అది గూడ రక్తమేనా" అని అందుకున్నడు. ఇంకొకాయన మండిబజార్ ముస్లింల మాట తెచ్చిండు, ఇంకొకరు కోయోళ్ళ మాట తెచ్చిన్రు, అట్ల ఒక పది నిమిషాలల్ల జిల్లాల ఉన్న అన్ని జాతులు అయిపోయినయ్. తమాషా ఏందంటే రక్తం మాట ఎత్తిన పెద్దమనిషి చేతిల అప్పుడే అంటించిన సిగరెట్ ఉంది, అది ఎవల రక్తమో మాత్రం ఎవ్వలు అడగలే.

డబ్బా నడిపే అన్న మాత్రం నవ్వుకుంట కూసున్నడు. అందరు పోయినంక నాతోని, "సారూ, నేను ఇరవై ఏండ్ల సంది అమ్ముతున్న, మనిషి ఆడ బండి ఆపంగనే ఏం అడుగుతడో చెప్తా" అన్నడు. సరే చూద్దాం అని ఒక అరగంట కూసున్న. మెడల ఐడీ కార్డు ఏసుకున్న పిలగాడు వస్తుంటే "పుదీన గోలీ ఉండే సిగరెట్" అన్నడు, అదే అడిగిండు (ఫిల్టర్ల చిన్న గోలీ ఉంటది, నొక్కితే టక్కుమని పగిలి చల్లగ పొగ వస్తది, ఇప్పుడు పోరగాళ్ళల్ల మస్తు నడుస్తున్నది). సెంట్రింగ్ పని చేసే ఇద్దరు వస్తే ఒకరికి అంబర్ (దవడకు పెట్టుకునే తంబాకు) పొట్లం ఒకరికి బీడీ కట్ట ముందే చేతిల పెట్టుకున్నడు. కాలేజీ పిల్లలు ముగ్గురొస్తే "ఒక్కటే కొంటరు, ముగ్గురు తాగుతరు" అన్నడు, అట్లనే అయింది. ఒకటి రెండు తప్పినయ్ కని చాన మటుకు కరెక్టే. ఎట్ల కనిపెట్టినవే అంటే, "చేతులు చూస్త, చెప్పులు చూస్త, టైం చూస్త" అన్నడు. కులం మతం చూస్తవా అంటే "అది మొఖం మీద కనవడదు గద సారూ" అన్నడు.

ఇగ ఇంటికొచ్చినంక ఈ ముచ్చట నన్ను ఇడువలే. ఎందుకంటే ఇది పాన్ డబ్బా లొల్లే కాదు, ప్రపంచం మొత్తంల సర్వేలు చేసెటోళ్ళు గూడ ఇదే ప్రశ్న అడుగుతరు, ఏ జాతోళ్ళు ఎక్కువ తాగుతరు ఏ జాతోళ్ళు తక్కువ తాగుతరు అని, పెద్ద పెద్ద టేబుళ్ళు ఏస్తరు. తేడాలు నిజంగనే ఉన్నయ్, చిన్నయి గూడ కావు. కని ఆ తేడాకు కారణం ఏందనే కాడనే మనోళ్ళు అందరు కాలు జారుతరు.

ముందు మన పెద్దమనిషి మాటనే పట్టుకుందాం. మన దేశంల పొగాకు మీద గాట్స్ అని పెద్ద సర్వే రెండు సార్లు అయింది, 2009-10ల ఒకసారి, 2016-17ల ఒకసారి. మొదటి సర్వేల బిహార్‌ల పెద్దోళ్ళల్ల 53.5 శాతం ఏదో ఒక రూపంల పొగాకు వాడుతున్నరని తేలింది, అంటే సగానికంటె ఎక్కువ. రెండో సర్వే వచ్చేసరికి అది 25.9 శాతం అయింది. దేశం మొత్తం సగటు అప్పుడు 28.6. అంటే ఏడేండ్లల్ల బిహార్ దేశం సగటు కంటె కిందికి దిగింది. ఏడేండ్లల్ల ఎవల రక్తమన్న మారుతదా చెప్పున్రి. (మన తెలంగాణ 17.8 శాతం, అది చూసి మనం మరీ ఛాతీ విరుచుకునుడు వద్దు, మన మగోళ్ళల్ల నూటికి ఇరవై మందికి పైననే ఉన్నరు.) చౌరస్తాల కనవడే నలుగురు బిహార్ పోరగాళ్ళు బిహార్ మొత్తం కాదు, ఇల్లు విడిచి వెయ్యి కిలోమీటర్లకు పైన అవతల ఎండల పన్నెండు గంటలు కాంక్రీట్ మోసే వయసు మగోళ్ళు. గా పని చేసే మగోళ్ళను ఏ రాష్ట్రం నుంచి తెచ్చి నిలబెట్టినా జేబుల ఏదో ఒకటి ఉంటది. మన పాలమూరోళ్ళు బొంబాయిల మట్టి పనికి పోయినప్పుడు అక్కడోళ్ళు మనోళ్ళను చూసి ఏమనుకున్నరో మనకెవ్వరు చెప్పలే.

ఇప్పుడు అమెరికా టేబుల్ చూద్దాం, ఎందుకంటే ఈ జాతుల లెక్కలు ఎక్కువ తీసేది వాళ్ళే. 2020 లెక్కల ప్రకారం అక్కడ పెద్దోళ్ళల్ల సిగరెట్ తాగేటోళ్ళు అక్కడి ఆదివాసీలల్ల 27.1 శాతం, నల్లవాళ్ళల్ల 14.4, తెల్లవాళ్ళల్ల 13.3, హిస్పానిక్ అనేటోళ్ళల్ల 8, ఏషియన్లల్ల గూడ 8. ఇది చూసి మన ఎన్నారై బావలు వాట్సాప్‌ల "చూసినవా మన ఏషియన్లు ఎంత పద్ధతి" అని పెడ్తరు. ఆగు బావా. ఏషియన్ అనే ఒక్క గంపల వాళ్ళు చైనా, ఇండియా, వియత్నాం, కొరియా, ఫిలిప్పీన్స్ అందరిని ఏసిన్రు. విడదీసి చూస్తే వియత్నాం మగోళ్ళు, కొరియా మగోళ్ళు చాన ఎక్కువ తాగుతరు, మన ఇండియా నుంచి పోయిన ఆడోళ్ళల్ల తాగేటోళ్ళు అసలే తక్కువ. అందరిని కలిపి సగటు తీస్తే తక్కువ వస్తది. మా అమ్మ చెప్పినట్టు, ఒక పొయ్యి మీద చెయ్యి ఇంకొకటి చల్ల నీళ్ళల్ల పెట్టి సగటున మంచిగనే ఉన్న అన్నట్టు.

ఆదివాసీల లెక్క గూడ అంతే. అమెరికాల ఉత్తరం మైదానాలల్ల ఉండే తెగలల్ల సిగరెట్లు చాన ఎక్కువ, నైరుతి దిక్కు ఎడారుల్ల ఉండే తెగలల్ల చాన తక్కువ, ఇద్దరికి పెట్టిన పేరు ఒక్కటే. పైగా పొగాకు అసలు పుట్టిందే వాళ్ళ గడ్డ మీద, చాన తెగలకు అది పూజల వాడే పవిత్రమైన ఆకు, దానికి దుకాణంల దొరికే డబ్బా సిగరెట్టుకు సంబంధం లేదని వాళ్ళ పెద్దలే చెప్తరు. మన దగ్గర గూడ "గిరిజనుల్ల ఎక్కువ" అని ఒక్క మాటల తేల్చేస్తరు. దేశం మొత్తం మీద ఎస్టీలల్ల పొగాకు ఎక్కువనే, అది సర్వేలు చెప్పేదే, కని మిజోరం తీసుకోండి, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేల అక్కడ మగోళ్ళు 72.9 శాతం, ఆడోళ్ళు 61.6 శాతం పొగాకు వాడుతరు. అక్కడ ఆడోళ్ళు సిగరెట్ చుట్టుకొని తాగుడు తప్పు కాదు, పొగను నీళ్ళల్ల పట్టి ఆ నీళ్ళను నోట్ల పుక్కిలించే అలవాటు గూడ ఉంది, దాన్ని తుయిబుర్ అంటరు. ఆ లెక్క తెచ్చి మన ఉట్నూరు గోండు ఇంటికి అతికిస్తే ఎట్ల కుదురుతది?

లండన్ దిక్కు పోతే ఇంకో తీరు. 2004ల ఇంగ్లండ్‌ల జాతుల వారిగ చేసిన ఆరోగ్య సర్వేల బంగ్లాదేశ్ నుంచి పోయిన మగోళ్ళల్ల 40 శాతం సిగరెట్ తాగుతున్నరు, ఆ దేశంల అందరికంటె ఎక్కువ. మరి అదే ఇండ్లల్ల ఉండే బంగ్లాదేశీ ఆడోళ్ళు? 2 శాతం. ఇంగ్లండ్ ఆడోళ్ళు మొత్తం మీద 23 శాతం తాగుతుంటే వీళ్ళు రెండు. చైనాల 2010 సర్వే చూస్తే మగోళ్ళు 52.9, ఆడోళ్ళు 2.4.

నాకు ఈ మొత్తం లొల్లిల అన్నిటికంటె పెద్ద ఆధారం ఇదే అనిపిస్తది. అన్న చెల్లె ఒకే కడుపున పుడ్తరు, ఒకే జాతి, ఒకే రక్తం, ఒకే అన్నం, కని అన్న యాభై శాతం చెల్లె రెండు శాతం. తాగుడు పుట్టుకతోని వచ్చేదే అయితే ఈ తేడా ఎట్ల వస్తది, రాదు గదా. ఆడపిల్ల తాగితే ఏమంటరు, మగపిలగాడు తాగితే ఏమంటరు అనే కాడ ఉంటది అదంత. ఇంకోటి, ఆ బంగ్లాదేశీ ఆడోళ్ళు పొగాకుకు మొత్తం దూరం అనుకుంటే పొరపాటే, పాన్ల జర్దా ఏసుకొని నమిలేటోళ్ళు వాళ్ళల్ల మస్తు మంది, సిగరెట్ టేబుల్ల అది కనవడదు, అంతే. సర్వేల అడిగినప్పుడు నిజం చెప్తరా అనేది గూడ ఉంది. కొరియాల ఆడోళ్ళను అడిగితే తాగుతం అన్నోళ్ళు తక్కువ, మూత్రం టెస్ట్ చేసి నికోటిన్ ఆనవాళ్ళు చూస్తే చెప్పిన దానికి రెండింతలకు పైననే తేలిన్రు. మన దగ్గర గూడ సర్వే చేసే మేడం ఇంటికొచ్చి అత్త ముందట కోడలిని "నువ్వు అంబర్ ఏస్తవా" అని అడిగితే ఏం చెప్తది?

సరే మరి, ఇగ శరీరంల తేడా అసలే లేదా అంటే, ఉంది. అది దాచి పెట్టుడు నాకు ఇష్టం లేదు. నికోటిన్ లోపలికి పోయినంక దాన్ని కరిగించే పని లివర్ల ఒక ఎంజైమ్ చేస్తది, సీవైపీ2ఏ6 అని పేరు. కొందరిల అది జోరుగ పని చేస్తది, కొందరిల నిమ్మళంగ. జోరుగ కరిగేటోళ్ళకు నికోటిన్ తొందరగ దిగిపోతది, ఇంకో సిగరెట్ కావాల్నని చెయ్యి గుంజుతది. నిమ్మళంగ కరిగేటోళ్ళు ఒక్కటి తాగి చాన సేపు కూసుంటరు. జపాన్, చైనా దిక్కు మనుషుల్ల నిమ్మళం రకం జీన్ ఎక్కువ మందిల ఉంటది. అందుకే వాళ్ళు రోజుకు తాగే సిగరెట్లు తక్కువ ఉంటయని, ఒక్కో సిగరెట్ల గుంజే నికోటిన్ గూడ తక్కువ అని పరిశోధనలు చెప్తున్నయ్. అమెరికా నల్లవాళ్ళల్ల ఇంకో తీరు, రోజుకు తక్కువ సిగరెట్లే తాగుతరు, కని ఒక్కో సిగరెట్ నుంచి లోపలికి పోయే నికోటిన్ తెల్లవాళ్ళ కంటె ఎక్కువ అని 1998ల తేలింది. 2006ల హవాయి, కాలిఫోర్నియాల లక్షా ఎనభై వేల మందికి పైన చూసి చేసిన ఒక పెద్ద స్టడీ వచ్చింది, అండ్ల రోజుకు పది సిగరెట్ల లోపు తాగేటోళ్ళను పోలిస్తే నల్లవాళ్ళకు, హవాయి స్థానికులకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువ వచ్చింది, జపాన్ మూలాలున్నోళ్ళకు, లాటినోలకు తక్కువ వచ్చింది. అదే రోజుకు ముప్పైకి పైన తాగేటోళ్ళ కాడికి వచ్చేసరికి ఈ తేడాలు దాదాపు పోయినయ్. మస్తు తాగితే ఏ జాతి అయినా ఒక్కటే అన్నట్టు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, మనోళ్ళు పట్టించుకోనిది. జీన్ చెప్పేది ఏందంటే తాగేటోడు ఎన్ని తాగుతడు, ఒంటి మీద ఎంత ప్రభావం పడ్తది అని. అసలు అగ్గిపెట్టె గీస్తడా లేదా అనేది ఈ జీన్ ఒక్కటే తేల్చదు. జపాన్‌నే చూడండి. 1966ల అక్కడ మగోళ్ళల్ల 83.7 శాతం సిగరెట్ తాగేటోళ్ళు, నూటికి ఎనభై మూడు మంది, అప్పుడు గూడ వాళ్ళకు అదే నిమ్మళం జీన్. 2019ల మగోళ్ళు 27.1 శాతం. తాతకు మనుమనికి జీన్ ఒక్కటే. నడుమల ధర, చట్టం, ఆఫీసుల పొగ బంద్, ఫ్యాషన్ ఇవన్ని మారినయ్.

ఇగ అలవాటును ఒక జాతికి ఎట్ల అంటగడ్తరో తెల్వాలంటే మెంథాల్ సిగరెట్ కథ వినాలె. ఇది నాకు బాగ కోపం తెప్పించే కథ. పుదీన చల్లదనం ఉండే ఈ సిగరెట్లు అమెరికాల 1920లల్ల పుట్టినయ్, జలుబు చేసినోళ్ళకు గొంతు గీర్కపోకుంట ఉంటదని అమ్మిన్రు. 1950ల మొదట్ల నల్లవాళ్ళల్ల అవి తాగేటోళ్ళు పది మందిల ఒక్కరు గూడ లేకుండె. ఇప్పుడు సిగరెట్ తాగే నల్లవాళ్ళల్ల దాదాపు 85 శాతం మెంథాలే తాగుతరు, తెల్లవాళ్ళల్ల ఆ లెక్క చాన తక్కువ. నడుమల ఏమైంది? నల్లవాళ్ళు చదివే పత్రికలల్ల యాడ్‌లు నింపిన్రు, వాళ్ళ సంగీతం కచేరీలకు పైసలిచ్చిన్రు, వాళ్ళుండే బస్తీలల్ల వ్యాన్లు తిప్పి ఫ్రీగ పంచిన్రు, వాళ్ళ దుకాణాలల్ల ధర తగ్గించిన్రు. ముప్పై నలభై ఏండ్లు ఇట్ల చేసినంక "నల్లవాళ్ళకు మెంథాల్ అంటే ఇష్టం" అనేది ఒక నిజం లెక్క అయిపోయింది, అది వాళ్ళ కల్చరే అన్నట్టు. మెంథాల్ గొంతును మొద్దుబారుస్తది, పొగ ఘాటు తెల్వదు, లోపలికి గుంజుతరు, మానుడు గూడ కష్టమైతది.

1990ల ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ అప్‌టౌన్ అని ఒక సిగరెట్ ఏకంగ నల్లవాళ్ళ కోసమే అని తయారు చేసి ఫిలడెల్ఫియాల దించుదామని చూసింది. అక్కడి చర్చిలోళ్ళు, బస్తీలోళ్ళు, డాక్టర్లు అందరు కలిసి లేచిన్రు, అప్పటి అమెరికా ఆరోగ్య మంత్రి లూయిస్ సలివన్, ఆయన గూడ నల్లజాతి మనిషే, బహిరంగంగ దుమ్మెత్తి పోసిండు. కొన్ని రోజులల్లనే కంపెనీ జనవరిలనే తోక ముడిచింది. యూరప్ దేశాల్ల 2020 మే నుంచి మెంథాల్ సిగరెట్లు బంద్. అమెరికాల 2022ల బంద్ చేస్తమని ప్రతిపాదన పెట్టిన్రు, 2025 జనవరిల వాపస్ తీసుకున్నరు. మన చౌరస్తాల ఐడీ కార్డు పిలగాడు నొక్కే పుదీన గోలీ ఈ మెంథాల్‌కు చుట్టమే, రేపు పొద్దున "ఐటీ పిల్లలకు అదే ఇష్టం" అని ఎవరన్న అంటే నాకు ఇదే యాదికొస్తది.

ఇగ మన దిక్కు వద్దాం. మన దగ్గర "సిగరెట్ అలవాటు" అని అడుగుడే సగం తప్పు. 2016-17 సర్వేల దేశంల పెద్దోళ్ళల్ల సిగరెట్ తాగేటోళ్ళు 4 శాతమే, బీడీ 7.7 శాతం, పొగ లేకుంట నమిలేది చప్పరించేది 21.4 శాతం. సిగరెట్ ఒక్కటే చూసి టేబుల్ ఏస్తే పైసలున్నోళ్ళు పాపాత్ములుగ, కూలోళ్ళు పుణ్యాత్ములుగ కనవడ్తరు, బీడీ చూసి ఏస్తే ఉల్టా. ఒక లూజు కింగ్ సిగరెట్ పైసలకు అటు ఇటుగ ఒక బీడీ కట్ట వస్తది, లెక్క అక్కడనే తేలుతది. బీడీల పొగాకు తక్కువ ఉంటది, సిగరెట్ల మూడో నాలుగో వంతు, అందుకే అది తేలికది అని చాన మంది అనుకుంటరు. కని తునికాకుల నుంచి గాలి పోదు, గుంజకపోతే ఆరిపోతది, అందుకే గట్టిగ ఎక్కువ సార్లు గుంజాలె, తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కు తక్కువేం పోదు.

బీడీ గురించి నేను వేరే ఊరికి పోయి తెలుసుకునే పని లేదు, మా ఇల్లే కోరుట్ల దిక్కు, మా అమ్మ నలభై ఏండ్లు బీడీలు చుట్టింది. రాత్రి తునికాకు తడిపి తడి గోనె సంచిల చుట్టి పెడ్తది, తెల్లారి ఒక రేకు ముక్క ఆకు మీద పెట్టి కత్తెరతోని చుట్టూర కత్తిరిస్తది, ఒళ్ళో చాట, చాటల ఒక మూలకు తంబాకు, ఇంకో మూలకు ఆకులు. చిటికెడు తంబాకు ఏసి, వేళ్ళతోని ఒక్క మలుపు, దారం ఒక చుట్టు, మూతి ముడుసుడు, అయిపాయె. టీవీల సీరియల్ చూసుకుంట, నన్ను తిట్టుకుంట, పక్కింటామెతోని మాట్లాడుకుంట గూడ చెయ్యి ఆగకపోయేది, చేతికి కండ్లు ఉన్నట్టే. రోజుకు వెయ్యి బీడీలు. కార్ఖానకు తీస్కపోతే బాగ లేవని ఒక పిడికెడు పక్కకు పెడ్తరు, దానికి పైసలియ్యరు. ఇంత చేసి మా అమ్మ జన్మల ఒక్క దమ్ము కొట్టలే. మా వాడకట్టుల ఆడోళ్ళందరు చుట్టేటోళ్ళే, ఎవ్వరు తాగకపోదురు, తాగేది మా బాపు, మా కాక, సాంచాల (కరెంటు మగ్గాల) మీద పని చేసే మగోళ్ళు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి అంతటా ఇదే కథ, మగ్గం పని ఎత్తిపోయినంక, మగోళ్ళు దుబాయ్ బాట పట్టినంక, ఇల్లు నడిపింది బీడీల చాటనే. తెలంగాణ వచ్చినంక బీడీ కార్మికులకు ఆసరా పింఛన్ ఇచ్చుడు గూడ అందుకే. 2025ల జీఎస్టీ మార్చినప్పుడు సిగరెట్‌ను 40 శాతం పన్ను గడిలకు తోసి బీడీని 28 నుంచి 18కి దించుదామని నిర్ణయించిన్రు, ఈ చేతుల పేరు చెప్పే.

మా అమ్మను సర్వేల అడిగితే "పొగాకు వాడదు" అని టిక్ కొడ్తరు. కని తంబాకు దుమ్ము ముక్కులకు పోతది, చర్మం నుంచి లోపలికి పోతది, బీడీలు చుట్టేటోళ్ళ మూత్రంల నికోటిన్ ఆనవాళ్ళు దొరుకుతయ్. ఏ టేబుల్ల ఏ గడిల ఆమెను రాస్తరో నాకైతే తెల్వదు. పండుగకు కొత్త చీర కట్టినా ఆమె కొంగు తంబాకు వాసననే వచ్చేది, చిన్నప్పుడు నాకు అది అమ్మ వాసన అనే తెలుసు.

దుబాయ్ పోయినోళ్ళ ముచ్చట గూడ చెప్పాలె. మా మేనబావ బీడీ తాగుకుంట పోయిండు, మూడేండ్లకు వాపస్ వచ్చేటప్పుడు ఎర్ర డబ్బాల ఫారిన్ సిగరెట్ కార్టన్ తెచ్చిండు, ఊర్ల అందరికి ఒక్కొక్కటి పంచిండు, ఆ నెల రోజులు మా వాడకట్టుల ఎవ్వరు బీడీ ముట్టలే. జాతి మారిందా? జేబు మారింది. అంతకు ముందు తరంల హైదరాబాద్ వజీర్ సుల్తాన్ కంపెనీ చార్మినార్ సిగరెట్ ఇట్లనే పని చేసింది, బీడీ నుంచి ఒక మెట్టు ఎక్కినోడు చార్మినార్ తాగేది, ఇంకో మెట్టెక్కితే ఫిల్టర్.

గోదావరిఖని, భూపాలపల్లి దిక్కు పోతే ఇంకో వింత. సింగరేణి బాయి దిగేటోళ్ళల్ల అన్ని కులాలోళ్ళు ఉంటరు, అన్ని జిల్లాలోళ్ళు ఉంటరు. బాయిల మీథేన్ గ్యాస్ ఉంటది, నిప్పు రవ్వ పడితే పేలుతది, అందుకని బీడీ, సిగరెట్, అగ్గిపెట్టె కిందికి తీస్కపోవద్దని రూలు, దిగే ముందు జేబులు తడిమి చూస్తరు. మరి ఎనిమిది గంటలు లోపల ఉండే అలవాటోడు ఏం చేస్తడు, దవడకు అంబర్ పెడ్తడు. "సింగరేణోళ్ళకు అంబర్ ఎక్కువ" అంటే అది వాళ్ళ జాతి కాదు, గనుల చట్టం. గుట్కా మీద 2013 సంది నిషేధం ఉంది, ఏటేట పొడిగిస్తనే ఉన్నరు, దొరుకుడు మాత్రం ఎన్నడు ఆగలే, ఆ ముచ్చట పెడితే ఇంకో వ్యాసం అయితది.

తండా అవ్వల మాట ఎత్తిన్రు గద ఆ రోజు. మా దోస్తు వాళ్ళ తండా నర్సంపేట దిక్కు, వాళ్ళ నానమ్మ సందేళ అరుగు మీద కూసొని బీడీ కాల్చుడు నేను నా కండ్లతోని చూసిన, ఎవ్వరు వింతగ చూడరు, కొడుకే అంటించి ఇస్తడు. అదే ఇంట్ల కోడలు ముట్టదు, మనుమరాలు హన్మకొండల నర్సింగ్ చదువుతది, ఆమె ముందట బీడీ తీస్తే లొల్లి. మూడు తరాలు, ఒక్క అరుగు. ఇంక కోస్తాకు పోతే శ్రీకాకుళం, విశాఖ ఊర్లల్ల ఆడోళ్ళు అడ్డపొగ తాగుతరు, అంటే చుట్ట కాలే కొస నోట్ల పెట్టుకొని. దాంతోని అంగిటికి క్యాన్సర్ వస్తదని 1960లల్లనే డాక్టర్లు వచ్చి చూసి రాసిపెట్టిన్రు. వాళ్ళు మనం అందరం తెలుగోళ్ళమే, కని వరంగల్‌ల ఆ పద్ధతి చెప్తే నోరెళ్ళబెడ్తరు. తెలుగు జాతి అలవాటు అని ఒక టేబుల్ ఏస్తే అడ్డపొగ, అంబర్, బీడీ, పుదీన గోలీ అన్ని ఒక్క గడిలనే కుక్కాలె.

"మా తాతల నాటి నుంచి వస్తున్న ఆచారం" అనే మాట గూడ ఇనిపిస్తది. పొగాకు మన దేశానికి పోర్చుగీసోళ్ళ పడవలల్ల వచ్చింది, అక్బర్ దర్బారుకు 1600 దాటినంక బిజాపూర్ నుంచి తెచ్చి చూపిస్తే హకీంలు తాగాల్నా వద్దా అని కొట్లాడుకున్నరు, ఆయన కొడుకు జహంగీర్ 1617ల బంద్ పెట్టిండు, ఎవ్వరు ఇనలే. కాకతీయుల రాజ్యం అంతకు మూడు వందల ఏండ్ల ముందే అయిపోయింది. ఓరుగల్లు కోట గోడ మీద కాపలా కాసినోడికి నిద్ర రాకుండ ఉండనీకి బీడీ లేదు, మిరపకాయ బజ్జీ గూడ లేదు పాపం. మన దేశంల ఎవల ఆచారమైనా నాలుగు వందల ఏండ్లదే, డబ్బా సిగరెట్ ఆచారం అయితే మా తాత వయసుది.

అంటే జాతుల వారిగ లెక్కలు తీసుడే దండుగ అంటున్ననా, కాదు. ఆ లెక్కలు లేకపోతే మెంథాల్ దందా బయట పడేదా, లండన్ల పాన్ల జర్దా ఏసే అవ్వలకు వాళ్ళ భాషల చెప్పేటోళ్ళను పెట్టాల్నని తెలిసేదా. నేను అనేది ఏందంటే ఆ గడిల అంకె కనవడంగనే "వాళ్ళు అంతే" అని లేచిపోవద్దు. ఆ అంకె ఎన్కాల మగోళ్ళెందరు ఆడోళ్ళెందరు, ఏం పని, ఎంత కూలి, దుకాణంల ఏది అగ్గువ, ఎవరు యాడ్ ఏసిన్రు, ఎవల ముందట అడిగిన్రు, ఇవన్ని అడిగినంక మిగిలింది ఏదన్న ఉంటే అప్పుడు లివర్ కాడికి పోవచ్చు. మిగిలేది కొంచెమే ఉంటది.

మొన్న మళ్ళ అదే డబ్బా కాడ చాయ్ తాగుతుంటే ఆ పెద్దమనిషి వచ్చిండు, సిగరెట్ తీసుకున్నడు, డబ్బాకు ఏలాడదీసిన లైటర్ గ్యాస్ అయిపోయి అంటుకుంటలేదు. పక్కన ఖైనీ నలుపుతున్న బిహార్ పోరడు జేబుల నుంచి అగ్గిపెట్టె తీసి గీసి, గాలికి ఆరకుంట రెండు చేతులు అడ్డం పెట్టి అంటించిండు. పెద్దమనిషి "షుక్రియా బేటా" అన్నడు, పోరడు నవ్విండు. వాళ్ళు పోయినంక నేను డబ్బా అన్నను అడిగిన, మొదటిసారి నేను వచ్చినప్పుడు నన్ను చూసి ఏం అడుగుతనని అనుకున్నవే అని.

"మీరు ఫిల్టర్ సిగరెట్ మానేసినోళ్ళు అనుకున్న సారూ" అన్నడు.

నిజమే, మానేసి ఆరేండ్లు. నీకెట్ల తెలిసిందే అంటే, చాయ్ అయిపోంగనే నా చెయ్యి పోయి అంగి జేబు మీద ఆగుతదట.